చచ్చిపోయిందీ నేనే, ఏడ్చిందీ నేనే

కోపం వస్తే ఆమె మన మీదికి వచ్చేది కాదు. రెండడుగులు వెనక్కి వేసేది, ముఖం కాస్త పక్కకు తిప్పేది, అప్పుడు అరిచేది. ప్రేమగా ఏమైనా చెప్పాలంటే మాత్రం మన ముఖం దాకా వచ్చి, ఊపిరి తగిలేంత దగ్గర నిలబడి చెప్పేది. లిఫ్టు ముందు సైకిళ్ళు అడ్డంగా పడేసిన పిల్లల్ని తిట్టడానికి ఆమె వెనక్కి నడుస్తుంటే, ముసలామె భయపడి పోతోందనుకుని వాళ్ళు ఇకిలించేవారు. ఆ తర్వాత గొంతు వచ్చేది. సైకిళ్ళు వాటంతటవే లేచి నిలబడ్డాయేమో అన్నంత తొందరగా దారి ఖాళీ అయ్యేది.

కిందటి వారం ఆమె చనిపోయింది. ఎనభై ఏడేళ్ళో ఎనభై ఎనిమిదో. బుకిట్ పంజాంగ్‌లో తొమ్మిదో అంతస్తు ఫ్లాటులో, మధ్యాహ్నం కునుకు తీస్తూ. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. ఒకసారి అచ్చులో రాశాను. అప్పుడు ఏం రాశానో చెప్పుకోవడానికే ఇదంతా.

నేను ఆమెను మొదట చూసింది ఒక క్లినిక్‌లో. నా నంబరు దాటేసి వెనకవాళ్ళను పిలిచారని కౌంటరులో అమ్మాయితో తగువు పెట్టుకున్నాను. నా చీటీ నేనే తప్పు చదువుకున్నానని మధ్యలో తెలిసింది. అయినా ఇంకో రెండు నిమిషాలు వాదించాను. మొదలుపెట్టిన వాదన మధ్యలో వదిలేయడం నాకు చేతకాదు. ఓడిపోయి కూర్చుని తెలుగులో గొణుక్కుంటుంటే పక్క కుర్చీలోంచి గొంతు వినిపించింది.

"ఏటమ్మా, మనవోళ్ళేటి నువ్వు?"

తిరిగి చూశాను. గళ్ళ గౌను, తెల్లటి పొట్టి జుట్టు, చేతిలో మడత గొడుగు.

"మంచి గొంతు నీది. వేస్టు చేసీస్తన్నావు. అంత దగ్గర నిలబడి తిట్టకూడదు. మైకు పగిలిపోద్ది."

"ఇక్కడ మైకు లేదు కదండీ."

"ఎప్పుడూ ఉంటాది, లా. ఉన్నాదనుకొని మాట్లాడాలి."

వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల్లో పనికని మలయా వచ్చినవాడు. ఆమె ఆ ఊళ్ళేవీ ఎప్పుడూ చూడలేదు. భాష మాత్రం తాత దిగినప్పుడు ఎలా ఉందో అలాగే దాచుకుంది, మధ్యలో మలయూ, తమిళం, ఇంగ్లీషు, మాట చివర ఇక్కడివాళ్ళందరూ తగిలించే ఆ 'లా' చేరాయి. ఇంటికి వెళ్తే తలుపు తీస్తూనే "మకాన్ అయ్యిందేటి?" అనేది, తిండి అయ్యిందా అని. అయ్యిందన్నా కరీపఫ్ పెట్టేది, కాలేదన్నా కరీపఫ్ పెట్టేది.

ఆ ఇంట్లో మొదటిసారి నన్ను ఆశ్చర్యపరిచింది నేల. ఆమె కుర్చీ చుట్టూ కాగితాలు పడి ఉండేవి: ఆసుపత్రి ఉత్తరాలు, టౌన్ కౌన్సిల్ నోటీసులు, పుట్టినరోజు కార్డులు. పాపం, మతిమరుపు మొదలైందనుకుని అన్నీ ఏరి, దొంతర పెట్టి బల్ల మీద పెట్టాను. నా ముందే ఇంకో ఉత్తరం తీసి చదివింది. మొదటి పేజీ అయిపోగానే తిప్పలేదు, మడవలేదు. వేళ్ళు వదిలేసింది. కాగితం ఊగుతూ చప్పుడు లేకుండా నేల మీదికి దిగింది.

"పేజీ తిప్పితే చప్పుడవుద్ది గదమ్మా. ఎడారిలో కాయితం చప్పుడేటి?"

ఆమె ఎడారి గురించి నేను వినడం అలా మొదలైంది.

అరవై ఏళ్ళ పైమాట. ఇక్కడి రేడియోలో ఇంగ్లీషు కౌబాయ్ నాటకాలు వేసేవారట. అమెరికా నుంచి వచ్చినవి కాదు, ఇక్కడే రాసి, ఇక్కడే ఆడినవి. రాసింది ఎవరో దొర, బడిపంతులు. అతను అమెరికా చూడలేదు. షెరీఫుగా వేసిన చైనా ఆయన గుర్రాన్ని రేసుకోర్సులో తప్ప చూడలేదు. ఈమె ఆఫీసులో టైపు కొట్టే పిల్ల. ఒకరోజు వేషం వెయ్యాల్సిన దొరసానికి జ్వరం వచ్చింది. స్క్రిప్టు టైపు చేసింది కాబట్టి మొత్తం కంఠతా వచ్చని ఈమెను మైకు ముందు నిలబెట్టారు. ఆ దొరసాని మళ్ళీ రాలేదు. ఈమె మైకు ముందు నుంచి మూడేళ్ళు కదల్లేదు.

"చప్పుడని ఫ్యాను ఆపీసేవోరు. తలుపులు బిగించీసేవోరు. అందరం చెమటలు కక్కీవోళ్ళం. ఎడారి ఎలగుంటాదో మాకు బాగా తెలుసమ్మా."

పసుపుపచ్చ జుట్టు, నీలం కళ్ళు ఉన్న రైతు కూతురుగా తాను వేశానని చెప్పి, నల్లటి తన మోచేతిని చూసుకుని పకపకా నవ్వేది. నాన్నకు మాత్రం టైపిస్టుననే చెప్పింది. ఆయన సాయంత్రం రేడియో ముందు కూర్చుని, ఆ తెల్లపిల్ల తుపాకీ దెబ్బకు చచ్చిపోతే కళ్ళు తుడుచుకున్నాడట. ఈమె పక్కనే కూర్చుని ఆయనకు టీ కలిపి ఇచ్చిందట.

నాకు చరిత్రలో ఎం.ఏ. ఉంది. ఉద్యోగం ఎప్పుడూ చెయ్యలేదు కాబట్టి ఆ డిగ్రీని ఇంట్లోనూ బజారులోనూ వాడుతుంటాను. ఎవరైనా ఏదైనా చెప్తే, ఎవరు చూశారు, ఎక్కడ రాసి ఉంది, అని అడుగుతాను. మా ఆయన పెళ్ళిచూపుల్లో చెప్పిన జీతం దగ్గర్నుంచి అందరివీ అలాగే తేల్చాను. ఆ ఏడాది మా తెలుగువాళ్ళ గుంపు ఒక చిన్న సంచిక వేస్తోంది. అందులో ఇక్కడే పుట్టి పెరిగిన పెద్దవాళ్ళ జ్ఞాపకాలకు కొన్ని పేజీలు పెట్టి, ఆ పని నాకు అప్పగించారు. నోటుబుక్కు కొనుక్కుని ఆమె దగ్గరికి మూడు వారాలు వెళ్ళాను.

మొదటి వారం, పెళ్ళిరోజున కాల్పుల్లో చచ్చిపోయిన కూతురిగా వేశానంది. రాసుకున్నాను. రెండో వారం అదే కథ చెప్తూ, శవం మీద పడి ఏడ్చిన తల్లిని నేనేనంది. రాసుకుని కింద గీత గీశాను. మూడో వారం, కాల్చినవాణ్ణి చూసిన పదేళ్ళ పిల్లాడి గొంతు చేసి చూపించి, అదీ తనేనంది. ఈసారి రెండు గీతలు గీశాను. ముసలామె దొరికిపోయిందన్న సంతోషం నాకు కలిగిన మాట నిజం. దాన్ని ఇప్పుడు ఏ పేరుతోనూ కప్పిపుచ్చలేను.

ఇంటికెళ్ళి మా ఆయనకు చెప్పాను. "పెద్దావిడ, పోనిద్దూ," అన్నారు.

"అబద్ధం పెద్దవాళ్ళు చెప్తే నిజమైపోతుందా?"

"నిన్ను ఎవరూ జడ్జీగా వెయ్యలేదుగా," అన్నారు. అన్నం వడ్డించడం ఆపి ఇంకో పావుగంట వాదించాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం బుకిట్ బటోక్‌లో మా బ్లాకు పక్క కమ్యూనిటీ గదిలో కూర్చున్నాం. సంచిక పని చూసే ఆడవాళ్ళం అయిదుగురం. ఆమె కూడా వచ్చింది, ఉత్తచేతులతో కాదు, డబ్బా నిండా కరీపఫ్‌లతో. ప్లాస్టిక్ కవర్లో పెట్టిన కాగితం ఒకటి భద్రంగా తెచ్చింది. రేడియోవాళ్ళు ఆమె ఉద్యోగం మానేసినప్పుడు ఇచ్చిన సర్టిఫికెట్. చదివాను. టైపిస్టు అని ఉంది. ఇంకేమీ లేదు.

నోటుబుక్కు తెరిచాను.

"ఆంటీ, ఒక్క డౌటు. మొదటి వారం మీరు చచ్చిపోయిన కూతురన్నారు. రెండో వారం ఏడ్చిన తల్లినన్నారు. మూడో వారం చూసిన పిల్లాణ్ణన్నారు. ఇంతకీ మీరెవరు?"

"అందరూ నేనే కదమ్మా."

"ఒకే నాటకంలోనా?"

"ఒకే నాటకంలోనే."

"అంటే మీరే చచ్చిపోయి, మీ శవం మీద మీరే పడి ఏడ్చారన్నమాట."

"అవునమ్మా. చచ్చిపోయిందీ నేనే, ఏడ్చిందీ నేనే."

నా పక్కన కూర్చున్న పద్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అది చూశాక నేను ఆగాల్సింది. నాకు అది చప్పట్లలా అనిపించింది.

"గుర్రం కూడా మీరేనా ఆంటీ?"

గది గొల్లుమంది. ఆమె మాత్రం అడిగిన ప్రశ్నకు సీరియస్‌గా జవాబిచ్చింది. "గుర్రం కాదమ్మా. గుర్రానికి వేరే మనిషి ఉండేవోడు. కొబ్బరి చిప్పలతో చేసీవోడు." దాంతో నవ్వు రెండింతలైంది. పద్మకు పొలమారింది కూడా.

ఆమెకు కోపం వస్తుందని ఎదురుచూశాను. వెనక్కి రెండడుగులు వేస్తుందని, ఆ గొంతు వస్తుందని. నేను జవాబు సిద్ధంగా పెట్టుకున్నాను కూడా. ఆమె లేవలేదు. కాసేపు నా ముఖంలోకీ వాళ్ళ ముఖాల్లోకీ చూసింది. తర్వాత డబ్బా మూత తీసి, "తినండమ్మా, చల్లారిపోతాయి," అంది.

సంచిక వచ్చింది. మిగతావాళ్ళకు తలా ఒక పేజీ. ఆమె పేరు కింద ఒక్క వాక్యం: "ఈమె ఇక్కడి రేడియో కార్యాలయంలో టైపిస్టుగా పనిచేశారు." ఆరు మాటలు, ఆరూ నిజం. సర్టిఫికెట్ ఉంది. నా డిగ్రీకి తగ్గ పని చేశానని ఆ రోజు గర్వపడ్డాను.

ఏడాది గడిచింది. వెళ్ళడం తగ్గించాను. ఎదురుపడితే ఆమే పలకరించేది. ఒకరోజు బుకిట్ పంజాంగ్‌లో పని పడి ఎల్.ఆర్.టి. రైలు ఎక్కాను. చెవిలో ఏదో ఒకటి వినే అలవాటు. ఆ రోజు పాతకాలం అమెరికా రేడియో కౌబాయ్ నాటకాల మీద ఒక కార్యక్రమం దొరికితే పెట్టుకున్నాను. ఎందుకు పెట్టానో దాచను. ఆంటీ అబద్ధానికి ఇంకో రుజువు దొరుకుతుందేమోనని.

ఆ నాటకాల్లో వేసిన ఒక ముసలి నటి మాట్లాడుతోంది. మగవాళ్ళు పదిమంది ఉండేవాళ్ళు, ఆడదాన్ని ఒక్కదాన్నే, ఇద్దరిని పెట్టుకునే స్తోమతు ఎవరికుంది, అంటోంది. ఎనిమిదో పేజీలో నేను చచ్చిపోతాను, తొమ్మిదో పేజీలో నేనే వచ్చి ఏడుస్తాను, చిన్నపిల్లల గొంతులూ నావే, మగపిల్లాడికి గొంతు మారిపోతుంది కాబట్టి ఆడవాళ్ళచేతే చేయించేవారు, పేరు మాత్రం చెప్పేవారు కాదు, అంటోంది. చెప్పి నవ్వింది. ఆంటీ మోచేతిని చూసుకుని నవ్వినట్టే.

ఆ రైలు ఇళ్ళకు మరీ దగ్గరగా వెళ్ళేటప్పుడు, లోపలివాళ్ళు ఎవరి ఇంట్లోకీ తొంగిచూడకుండా అద్దాలు వాటంతటవే మసకబారతాయి. ఆ రోజు ఎదురు సీట్లో ఎవరూ లేకపోయినా, బయట ఎవరికీ నేను తెలియకపోయినా, అద్దం మసకబారిన ప్రతిసారీ నాకు ప్రాణం కుదుటపడింది. ఆమె స్టేషను వచ్చింది. దిగలేదు. ఆ రైలు చుట్టు తిరిగి మళ్ళీ అక్కడికే వస్తుంది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ దిగలేదు. మూడోసారి దిగాను.

తలుపు తీసింది. "మకాన్ అయ్యిందేటి?"

దారంతా ఒకే మాట తయారుచేసుకున్నాను: ఆంటీ, తప్పు నాది. అది గొంతు దాకా వచ్చింది. నోట్లోంచి బయటికొచ్చింది మాత్రం ఇది:

"ఒక్కరే మూడు వేషాలు వేసేవారని మీరు మొదట్లోనే వివరంగా చెప్పి ఉండాల్సింది ఆంటీ. అలా చెప్తే ఎవరికి అర్థమవుతుంది?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "చెప్పేను గదమ్మా. నువ్వు గుర్రం గురించి అడిగేవు."

అందులో దెప్పడం లేదు. ఉంటే బాగుండేది, నేను తిరిగి ఏదైనా అనగలిగేదాన్ని. ఆమె నన్ను లోపలికి తీసుకెళ్ళి ఫ్యాను ఆపేసింది. టేబుల్ ఫ్యాను. దాని ముఖం మా వైపు తిప్పింది.

"ఇది మైకు. రా, ఇక్కడ నిలబడు. నువ్వు షెరీఫువి. నీది ఒకే మాట. నేను చెయ్యి ఊపగానే, ఎవరు చూశారు, అని అడగాలి. అంతే."

ఫ్యాను రెక్కలకు ఎదురుగా నిలబడ్డాను. ఆమె దగ్గరికి వచ్చింది, ముఖం రెక్కలకు ఆనించినంత దగ్గరికి. ఇరవై ఏళ్ళ పిల్ల ఒకతి, ఏ దేశానిదో తెలియని ఇంగ్లీషులో, తన పెళ్ళిబట్టలకు మట్టి అంటిందా అని అడుగుతూ ఊపిరి తీస్తోంది. మాట మధ్యలో ఊపిరి ఆగింది. ఆమె పడిపోలేదు, కళ్ళు మూసుకోలేదు, చెయ్యి కూడా కదపలేదు. అయినా ఆ గదిలో ఎవరో చచ్చిపోయారు. అప్పుడు రెండడుగులు వెనక్కి వేసింది. ముఖం పక్కకు తిప్పింది. తల్లి అరిచింది. ఆ అరుపుకు నా వీపు జలదరించింది. పక్క ఫ్లాటులో టీవీ గొంతు తగ్గింది.

చెయ్యి ఊపింది.

"ఎవరు చూశారు?" అన్నాను. షెరీఫులా అనాల్సిన అవసరం రాలేదు. నా మామూలు గొంతే సరిపోయింది.

ఆమె గడ్డం కిందికి దించింది. భుజాలు చిన్నవయ్యాయి. ఎనభై దాటిన ఆ మనిషిలోంచి పదేళ్ళ పిల్లాడు వణుకుతూ, "నేను చూశాను సార్," అన్నాడు.

ముగ్గురూ నా ఎదుట ఉన్నారు. ఫ్యాను ఆపేసిన గదిలో ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి. అప్పుడు చెప్పాల్సింది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఎవరికీ దొరకదు. నేనేమన్నానంటే, "బాగుంది ఆంటీ." పరీక్ష పేపరు దిద్దినట్టు.

అయినా ఆమె మురిసిపోయింది. ఫ్యాను వేసి, నన్ను బల్ల దగ్గరికి తీసుకెళ్ళి, దాని మీద పరిచిన అద్దం కింద చూపించింది. సంచికలోంచి కత్తిరించిన ముక్క. ఆమె పేరు, కింద నా వాక్యం. అంచులు స్కేలు పెట్టి కోసినంత నీటుగా ఉన్నాయి.

"రేడియోలో ఒక్కనాడూ నా పేరు చెప్పలేదమ్మా. హీరో పేరు చెప్పీసి, ఇంకా ఇతరులు, అనీసేవోరు. నా పేరు అచ్చేసింది నువ్వొక్కదానివే." నా ముఖం దాకా వచ్చి, ఊపిరి తగిలేంత దగ్గర నిలబడి, "థాంక్స్ అమ్మా," అంది.

ఆ మాట తర్వాత, ఆ ముక్క అబద్ధమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నోరు రాకపోవడం నా జన్మలో అదే మొదలు. ఆ ఒక్కసారీ రావాల్సి ఉండింది.

వచ్చే సంచికలో సరిదిద్దుతానని నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆధారం కావాలి కదా. పాత రికార్డులు దాచే చోటికి ఉత్తరం రాశాను. ఆ నాటకాలు దొరకలేదని, దొరికినా చిన్న వేషాలవాళ్ళ పేర్లు ఎవరూ రాసిపెట్టలేదని మర్యాదగా జవాబిచ్చారు. ఆధారం లేదు. లేకుండా ఎలా వేస్తాను? నా చెవులతో విన్నాను, నా వీపు మీద రోమాలు లేచాయి. అది ఆధారమని ఒప్పుకోవడానికి నా చదువు అడ్డొచ్చింది. చదువు అనడం కూడా సాకే. సరిదిద్దితే, ముందు వేసింది తప్పని కింద నా పేరు పెట్టాలి. అది ఇష్టం లేకపోయింది. ఆ ఏడాది సంచికలో ఆవకాయ మీద రెండు పేజీలు వేశాం.

శవాన్ని ఆమె బ్లాకు కిందే, వాయిడ్ డెక్ అనే గోడల్లేని ఖాళీ స్థలంలో ఉంచారు. ప్లాస్టిక్ కుర్చీలు, స్టాండు ఫ్యాన్లు, ప్యాకెట్లలో తాగే పానీయాలు. ఆమెకు పిల్లలు లేరు. మేనకోడలు అన్నీ చూసుకుంటోంది. నలభై దాటిన పిల్ల, బ్యాంకులో పని, తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటం కొంచెం కష్టం. తీసుకెళ్ళే ముందు నాలుగు మాటలు చెప్తానని లేచి కాగితం చూసి ఇంగ్లీషులో చదివింది. అత్త మంచిదని, కరీపఫ్‌లు బాగా చేసేదని, రేడియో కార్యాలయంలో టైపిస్టుగా పనిచేసిందని. మా గుంపు ఆడవాళ్ళు తలలూపారు. పద్మ కూడా ఊపింది.

అయ్యాక ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది.

"ఆంటీ, మీ బుక్ లేకపోతే నేను ఏం చెప్పేదాన్నో తెలీదు, లా. థాంక్స్."

"ఆమె టైపిస్టు మాత్రమే కాదమ్మా," అన్నాను. "నటి. పెద్ద నటి. ఒక్కతే ముగ్గురుగా చేసేది."

ఆమె నవ్వింది, చిన్నపిల్లల్ని చూసి నవ్వినట్టు. "యా, ఆ కౌబాయ్ స్టోరీస్ మాకూ చెప్పేది. చిన్నప్పుడు నమ్మేవాళ్ళం. తర్వాత మీ బుక్ వచ్చింది కదా. మమ్మీ చెప్పింది, ఆ ఆంటీ హిస్టరీ ఎం.ఏ., అన్నీ చెక్ చేసి వేస్తుంది, అని."

"తప్పు చెక్ చేశాను. తర్వాత నేనే విన్నాను. నా ముందే చేసి చూపించింది."

"ఇట్స్ ఓకే ఆంటీ." నా చెయ్యి నిమిరింది. "మీకు ఆమె అంటే చాలా ఇష్టం అని తెలుసు."

పిలిచారు. వరుసలో నడిచి పెట్టె దగ్గరికి వెళ్ళాను. మంచి చీర కట్టారు. జుట్టు దువ్వారు. మడిచిన చేతుల కింద, గుండె మీద, ఆ కత్తిరించిన ముక్క పెట్టారు. పేరు, కింద ఆరు మాటలు.

"అది తీసెయ్యమ్మా," అన్నాను మేనకోడలితో.

"ఎందుకు ఆంటీ? షి లవ్డ్ ఇట్. అందరికీ చూపించేది."

అదీ నిజమే. పూలు వేసి పక్కకు తప్పుకున్నాను.